నీళ్ల సెంటులో సాంబ్రాణి: తెగని తగవు

గంపలగూడెం నుంచి బందరు తీరానికి సూటిగా కొలిచినా నూరు కిలోమీటర్లకు తగ్గదు. అది మెట్ట ప్రాంతం. చెరువు, బోరు, వాన, సాగర్ ఎడమ కాలువ, అక్కడి జనం ఎరిగిన నీళ్లు ఇవే. అయినా తిరువూరు బజారులో ఏ ఫ్యాన్సీ షాపు ముందు నిలబడినా మగవాళ్ల బాడీ స్ప్రేల వరుసలో నీలం రంగుదే పెత్తనం. ఓషన్, మెరైన్, ఆక్వా, కూల్ అన్నీ సముద్రం పేర్లే. మామిడి తోటల మధ్య పెరిగిన కుర్రాడు పెళ్లికి వెళ్తూ సముద్రాన్ని చొక్కాకు కొట్టుకుంటున్నాడు. ఇందులో తప్పేమీ లేదు, వింత మాత్రం ఉంది.

పదేళ్లుగా ఈ నీలం సీసాల్లోకి ఇంకో వాసన దిగింది. ఖరీదైన సీసాల మీద ‘ఇన్సెన్స్’ అని రాస్తారు. మన భాషలోకి తెచ్చుకుంటే ధూపం, సాంబ్రాణి, ఊదు. నీటినీ పొగనూ ఒకే సీసాలో పెట్టడం కుదిరే పనేనా? మగవాళ్ల పరిమళాల గురించి మాట్లాడుకునేవారు దీనిమీద ఏకాభిప్రాయానికి రాలేదు. వచ్చే సూచనా లేదు, ఎందుకంటే మూడు వేర్వేరు తగవులు ఒకే ముడిగా పడి ఉన్నాయి. ఒకటి రుచికి సంబంధించినది, ఒకటి రసాయనానికి, మూడోది దేవుడికి. వాటిని విడదీసి చూస్తే కొంత దారి దొరుకుతుంది.

నీలం సీసా ఎలా పుట్టింది

ముందుగా సముద్రం సంగతి. మందుల కంపెనీ ఫైజర్ పరిశోధకులకు 1966లో ఒక కొత్త పదార్థం దొరికింది. దాని వాసనలో పుచ్చకాయ ఉంది, సముద్రపు గాలి ఉంది, కాస్త ఆల్చిప్ప పచ్చిదనమూ ఉంది. తర్వాత అది కాలోన్ అనే పేరుతో పరిమళాల పరిశ్రమకు చేరింది. చాలాకాలం దాన్ని ఎవరూ గట్టిగా వాడలేదు. 1988లో అరామిస్ సంస్థ ‘న్యూ వెస్ట్’లో దాన్ని ధైర్యంగా ముందుకు తెచ్చింది. అదే ఏడాది పియర్ బూర్దోన్ కూర్చిన డేవిడాఫ్ ‘కూల్ వాటర్’ వచ్చింది. దాని చల్లదనంలో పెద్ద వాటా కాలోన్‌ది కాదు, సబ్బుల పరిశ్రమకు బాగా తెలిసిన డైహైడ్రోమిర్సెనాల్‌ది. ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి. సముద్రం అని మనం పిలుస్తున్న దానిలో సగం, ఉతికి ఆరేసిన బట్ట.

1994లో జాక్ కావాలియే చేతి మీదుగా ఇస్సే మియాకే మగవారి పరిమళం, 1996లో అల్బెర్టో మొరియాస్ చేతి మీదుగా అర్మానీ ‘ఆక్వా ది జో’ వచ్చాయి. రెండోది ప్రపంచమంతా అమ్ముడుపోయి, మగవాడి శుభ్రతకు గుర్తుగా స్థిరపడింది. ఇటలీకి దక్షిణాన ఉన్న పాంటెలేరియా ద్వీపం దానికి ప్రేరణ అని చెబుతారు.

ధూపం వేరే దారిన నడిచింది. కోమ్ దె గార్సోన్ సంస్థ 2002లో ఏకంగా ఒక ధూప వరుసనే తెచ్చింది. అవిన్యోన్, క్యోటో, జైసల్మేర్, వార్జాజాత్, జగోర్స్క్ అని ఐదు ఊళ్ల పేర్లు పెట్టింది. ఇవి చర్చి లోపలి చీకటినీ, బౌద్ధ మందిరాల చెక్కనూ చొక్కా మీదికి తెచ్చిన ప్రయోగాలు. చదువరి వర్గానికి నచ్చాయి, బజారుకు చేరలేదు.

రెండు దారులూ కలిసింది తర్వాత. 2010లో జాక్ పోల్జ్ కూర్చిన ‘బ్లూ ద షనెల్’ నిమ్మజాతి తాజాదనం కింద ధూపాన్ని పరిచింది. 2014లో బుల్గారీ ‘ఆక్వా అమారా’ నీటి స్వరం కిందే సాంబ్రాణి జాతి బంకను పెట్టింది. 2015లో మొరియాస్ తాను కట్టిన ‘ఆక్వా ది జో’కే ‘ప్రొఫుమో’ అనే నల్ల సీసా రూపం ఇచ్చాడు. సముద్రం, బెర్గమోట్ నారింజ, జెరేనియం, రోజ్‌మేరీ పైన, పచౌలీ, ధూపం అడుగున. తగవు ఊళ్లోకి వచ్చింది ఈ సీసాతోనే. 2020లో మళ్లీ నీటివైపు మొగ్గిన ‘ప్రొఫోండో’, 2023లో ‘పర్ఫమ్’ వచ్చాయి. ప్రొఫుమో మెల్లగా అంగళ్ల నుంచి తప్పుకుంది. దాని అభిమానులు ఇంకా పాత సీసాల కోసం వెతుకుతూనే ఉన్నారు. తప్పుకున్న వస్తువుకు పుట్టే గిరాకీ ఎప్పుడూ దాని అసలు విలువను కొంచెం పెంచే చూపిస్తుంది.

అన్నంభట్టు అభ్యంతరం

17వ శతాబ్దపు తెలుగు తార్కికుడు అన్నంభట్టును అడిగితే ఈ తగవును మొదటి మెట్టు మీదే ఆపేస్తాడు. మన పాఠశాలల్లో తర్కం మొదలుపెట్టేవారు తరతరాలుగా చేతపట్టిన ఆయన ‘తర్కసంగ్రహం’ ప్రకారం వాసన భూమికి మాత్రమే చెందిన గుణం. నీటికి చల్లని స్పర్శ ఉంది, రూపం ఉంది, రుచి ఉంది, వాసన లేదు. నీళ్లు వాసనేస్తున్నాయంటే అందులో భూమికి చెందినది ఏదో కలిసిందని అర్థం. ఆ లెక్కన ‘నీటి పరిమళం’ అనే మాటే చెల్లదు.

ఆధునిక శాస్త్రం ఈ విషయంలో తార్కికుడికి సాక్ష్యం చెబుతుంది. 1964లో ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ‘నేచర్’ పత్రికలో తొలకరి వాసన మీద వ్యాసం రాసి, దానికి పెట్రికార్ అని పేరు పెట్టారు. ఎండిన మట్టి, రాయి పీల్చుకుని దాచుకున్న నూనెలే వాన పడ్డాక పైకి వస్తాయన్నారు. ఈ వాసనను ఉత్తర భారతంలో ఎప్పటినుంచో ఆవిరి పట్టి అత్తరుగా అమ్ముతున్నారని వాళ్లకు తెలుసు. మరుసటి ఏడాది గెర్బర్, లెషెవలియే ఇద్దరూ మట్టిలోని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. మనిషి ముక్కు దాన్ని లక్ష కోట్ల భాగాల్లో ఐదో పదో భాగాలున్నా పట్టేస్తుంది. 2015లో అమెరికాలోని ఎంఐటీలో ఇద్దరు పరిశోధకులు వేగంగా చిత్రాలు తీసే కెమెరాలు పెట్టి చినుకు మట్టిని తాకే క్షణాన్ని చూశారు. చినుకు కింద చిక్కుకున్న గాలి బుడగలై పైకి వచ్చి పేలి, మట్టి వాసనను సన్నటి తుంపరగా గాలిలోకి ఎగజిమ్ముతుంది. కుండపోత కంటే సన్నటి, మధ్యరకం వానల్లోనే ఇది ఎక్కువ. తొలకరి జల్లుకు వచ్చే వాసన ముసురు పట్టాక ఎందుకు రాదో రైతుకు తెలుసు, ఇప్పుడు కారణమూ తెలిసింది.

సముద్రం వాసనా నీటిది కాదు. నాచు, ప్లాంక్టన్, వాటి నుంచి వచ్చే గంధకపు ఆవిర్లు కలిసి చేసే పని అది. అచ్చంగా ఆ వాసననే సీసాలో పోస్తే బందరు చేపల రేవు గుర్తొస్తుంది, ఎవరూ కొనరు. కాబట్టి నీటి సెంటు అంటే నీటి వాసన కాదు, నీటి జ్ఞాపకం.

ఎవరి జ్ఞాపకం అన్నదే అసలు చిక్కు. మధ్యధరా తీరంలో ఇల్లున్నవాడికి నీరు అంటే ఉప్పుగాలి. గంపలగూడెం వాడికి నీరు అంటే తొలకరికి తడిసిన ఎర్రమట్టి, వట్టివేరు వేసిన కుండ, వేసవిలో నీళ్లు చల్లిన వట్టివేళ్ల తడిక, పెళ్లిలో బుడ్డితో చల్లే పన్నీరు, గుళ్లో పచ్చకర్పూరం కలిపిన తీర్థం. వీటిలో ఏదీ కాలోన్ లాంటిది కాదు. ధూపం నీటిలో ఇముడుతుందా అని వాదించుకునేవారు ఏ నీటిలో అన్నది చెప్పకుండానే మొదలుపెడతారు. ఈ తగవు ఇన్నేళ్లుగా తెగకపోవడానికి సగం కారణం అదేనని నా అభిప్రాయం.

ధూపం ఒకటి కాదు

రెండో సగం కారణం పొగలో ఉంది. తెలుగులో సాంబ్రాణి అనే మాట కింద చాలా బంకలు దాక్కున్నాయి. సుమత్రా, సయాం అడవుల నుంచి వచ్చే లోబాను ఒకటి. అది తియ్యగా, వెనిలా పోలికలో ఉంటుంది. గుగ్గిలం అనే పేరు ఒకచోట ఒక చెట్టు బంకకు, ఇంకోచోట మరో చెట్టు బంకకు నడుస్తుంది. మన పొడి అడవుల్లో పెరిగే అందుగు చెట్టు బంక మరొకటి. అది అరేబియా, ఆఫ్రికా చెట్లనుంచి వచ్చే సుప్రసిద్ధ ధూపద్రవ్యానికి దగ్గరి బంధువు. శేషాచలం, దాని పరిసరాల కొండల్లో తప్ప భూమ్మీద ఇంకెక్కడా పెరగని మరో బంధువు కూడా మనకు ఉంది. కొండ సాంబ్రాణి అని స్థానికులు పిలుస్తారు.

విదేశీ సీసా మీద ‘ఇన్సెన్స్’ అని ఉంటే అది చాలా వరకు ఈ అందుగు జాతి బంకే. పైగా కాల్చినది కాదు, ఆవిరి పట్టి తీసిన నూనె. ఇక్కడే కొనేవాడు మోసపోయినట్టు భావిస్తాడు. శుక్రవారం ఇంట్లో వేసే సాంబ్రాణి ధూపాన్ని మనసులో పెట్టుకుని చిమ్ముకుంటే నిమ్మతొక్క, మిరియం, దేవదారు ఆకు లాంటి చల్లని, పదునైన వాసన కొడుతుంది. పొగ ఉండదు, తీపి ఉండదు. ఆ బంక నూనెలో పైనీన్ లాంటి తేలికపాటి పదార్థాల పాలు ఎక్కువ. అవే రోజ్‌మేరీలోనూ, పైన్ చెట్టులోనూ ఉంటాయి. పాత చర్చి గోడల్లో మిగిలిపోయే ఆ వాసనకు కీలకమైన ఆమ్లాలను ఫ్రాన్స్ పరిశోధకులు 2016లో గానీ గుర్తించలేకపోయారు. వాటి పాలు నూనెలో అతి స్వల్పం, ముక్కుకు మాత్రం అవే ముఖ్యం.

నీరు నీరు కానట్టే, ధూపమూ పొగ కాదు. ఇద్దరు పేరు మార్చుకున్న వ్యక్తుల మధ్య సంబంధం కుదురుతుందా అని ఊరంతా తర్జనభర్జన పడుతున్నట్టుంది వ్యవహారం.

వాదాలు, వాదులు

ఒక పక్షం స్వచ్ఛత కోరేది. మగవాడి నీటి పరిమళం పని ఒకటే, స్నానం చేసి వచ్చినట్టు ఉండాలి. అందులో బంక పోస్తే చన్నీళ్లలో మసి కలిపినట్టే. దీనికి ఎదురు పక్షం లోతు కోరుతుంది. నీలం సీసాలన్నీ గంటలో ఒకే సబ్బు వాసనగా మారిపోతున్నాయనీ, ధూపం వాటికి అడుగు ఇస్తుందనీ వీరి మాట. ప్రొఫుమోను మెచ్చుకున్నవారు ఎక్కువగా ఈ రెండో పక్షమే. ఈ రెండు వాదాల మీద ఎక్కువ కాలం నిలవనక్కర్లేదు. రెండూ అభిరుచి సంగతులు, రెండిటికీ జవాబు చొక్కా విప్పేటప్పుడు తెలుస్తుంది.

మూడో పక్షం మన దగ్గర బలమైనది, పాశ్చాత్య సమీక్షల్లో పెద్దగా కనబడనిది. ధూపం దేవుడికి చేసే ఉపచారం. గంధం, పుష్పం, ధూపం, దీపం, నైవేద్యం అని వరుస ఉంది. గంపలగూడెం మండలంలోని నెమలి వేణుగోపాలస్వామి గుడికి వెళ్లినా, బెజవాడ గుణదల కొండ మీద మేరీమాత దగ్గరకు వెళ్లినా, దర్గాలో ఊదు పొగ మధ్య నిలబడినా ముక్కు చెప్పే కబురు ఒకటే. ఇది నీది కాదు, ఆయనది. దాన్ని చంకలో కొట్టుకుని సినిమాకు వెళ్లడం మర్యాద కాదన్నది ఈ పక్షం వాదన. దీనికి తోడు పైకి చెప్పని భయం ఒకటుంది. శవం తలాపున వెలిగించేవీ ఊదుకడ్డీలే. ఎవరైనా దగ్గరికి రాగానే ‘చావింటి వాసన’ అనిపిస్తే ఆ సీసా ఎంత ఖరీదైనదైనా అంతటితో సరి.

ఈ అభ్యంతరాన్ని చాదస్తమని కొట్టేయడం సులభమే గానీ న్యాయం కాదు. వాసన జ్ఞాపకంతోనే బతుకుతుంది. నీటి సెంటు మొత్తం జ్ఞాపకం మీదే నిలబడిందని ఒప్పుకున్నాక, ధూపం జ్ఞాపకాన్ని మాత్రం లెక్కలోకి తీసుకోవద్దనడం కుదరదు.

అయితే పాత పుస్తకాలు ఈ పక్షానికి అంత అనుకూలం కాదు. వరాహమిహిరుడు ఆరో శతాబ్దంలోనే ‘బృహత్సంహిత’లో గంధయుక్తి అని ఒక అధ్యాయం పెట్టి, 16 ద్రవ్యాల నుంచి నాలుగేసి ఎంచుకుంటే ఎన్ని కలయికలు వస్తాయో లెక్కగట్టాడు. 1820 వస్తాయి. కలుస్తాయా అని ఆయన మథనపడలేదు, ఎన్ని కలుస్తాయో లెక్కవేశాడు. కళ్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దం మొదటి భాగంలో కూర్పించిన ‘మానసోల్లాసం’లో రాజు అనుభవించదగిన భోగాల్లో స్నానం, విలేపనం, వస్త్రం, తాంబూలం వరుసలోనే ధూపం కూడా ఉంది. రాజు మగవాడే. ధూపం ఆయన కోసమే. దేవుడికీ రాజుకూ ఒకే ఉపచారం జరిగిన సంస్కృతిలో ధూపం దేవుడిదే అనడం తర్వాతి కాలపు మాట. ఇంకో సంగతి, తిరుమల తిరుపతి దేవస్థానమే 2021 సెప్టెంబరులో స్వామి సేవకు వాడిన పూలతో అగరొత్తులు చేయించి ఏడు పేర్లతో అమ్మకానికి పెట్టింది. అవి ఇంట్లో వెలిగించుకోవడానికే, ఒంటికి రాసుకోవడానికి కాదు. అయినా గుడి వాసన అంగడికి రాకూడదనే గీత అప్పుడే కాస్త జరిగింది.

నాలుగో పక్షం అత్తరు పక్షం. వాళ్ల ప్రశ్న సూటిగా ఉంటుంది: ఇన్ని తిప్పలు ఎందుకు? కన్నౌజ్‌లో కాల్చిన మట్టి బిళ్లలను డేగ్ అనే రాగి పాత్రలో ఉడికించి, ఆవిరిని చందన నూనె ఉన్న భప్కా అనే పాత్రలోకి దింపి మట్టి అత్తరు తీస్తారు. ఉత్తరాంధ్రను ఆనుకుని తెలుగువాళ్లు ఎందరో ఉండే గంజాం జిల్లాలో మొగలి పూల నుంచి కేవ్డా తీస్తారు. తియ్యగా, పచ్చిగా, తడిగా ఉండే ఆ వాసనకు మించిన నీటి పరిమళం ఏముంది? వట్టివేరు నూనె అయితే చలువకు మారుపేరు. వీటిలో దేనికైనా కాస్త లోబాను, కాస్త ఊదు చేరిస్తే నీరూ ధూపమూ కలిసినట్టే. కాలోన్ అక్కర్లేదు.

వాదన బాగుంది, ఆచరణలో బెసికిన చోట్లు ఉన్నాయి. చందన నూనె ధర పెరిగాక అత్తరుకు ఆధారంగా లిక్విడ్ పారఫిన్ లాంటివి వాడటం మామూలైపోయింది. చందనం పోతే మట్టి అత్తరు సగం పోయినట్టే, అందులోని మెత్తదనం చందనానిదే కాబట్టి. అత్తరు ఒంటికి అంటుకుని దగ్గరివారికే తెలుస్తుంది. బస్సులో పక్క సీటు దాకా పోవాలని కోరుకునే కుర్రాడికి అది చాలదు. విచిత్రం ఏమిటంటే చార్మినార్ చుట్టుపక్కల నూనె దుకాణాల్లో మజ్మువా, శమామా అత్తరు సీసాల పక్కనే ‘కూల్ వాటర్’ అనే నూనె కూడా దొరుకుతుంది. ఎవరి సముద్రాన్ని తిరస్కరించారో దాన్నే ఆల్కహాలు తీసేసి చిన్న సీసాల్లోకి పోశారు. సముద్రమూ చివరికి అత్తరైంది.

తలంటు లెక్క

ఈ నాలుగు పక్షాలూ పట్టించుకోని ఒక పాత పద్ధతి తెలుగిళ్లలో ఉంది. తలంటి పోసుకున్న ఆడవాళ్లు తడి జుట్టును వెదురు బుట్ట మీద పరిచి, కింద కుంపటిలో సాంబ్రాణి పొగ పెట్టుకుంటారు. నీళ్లు పోసిన పసిపిల్లలకూ అదే పొగ పడుతుంది. కుంకుడు రసం, వేడి నీళ్లు, తడి జుట్టు, ఆపైన పొగ. నీరూ ధూపమూ కలిసిన పరిమళం మనకు కొత్త కాదు, కలిసే తీరు మాత్రం వేరు. ఒకేసారి రెండూ ఉండవు. ముందు నీరు, తర్వాత పొగ. నీరు ఆరిపోతూ ఉంటే పొగ దాని చోటు తీసుకుంటుంది.

సెంటు తయారీదార్లు గీసే మెట్ల బొమ్మ కూడా ఇదే చెబుతుంది. పై స్వరం, మధ్య స్వరం, అడుగు స్వరం. నీరు పైన, ధూపం అడుగున. తలంటు వరుసే కదా అనిపిస్తుంది. పదార్థాలు మాత్రం ఆ బొమ్మను పాటించవు. కాలోన్ పేరుకు గాలి లాంటిదే గానీ స్వభావంలో మొండిది. కాగితపు పట్టీ మీద వేసినా రోజుల తరబడి పోదు. మరోవైపు ధూప నూనెలోని నిమ్మ, మిరియపు భాగాలు తొందరగా ఎగిరిపోతాయి, బరువైన బంక పాలు మాత్రమే అడుగున ఉంటుంది. కాబట్టి సీసాలో జరిగేది కొంత తలకిందులు. ధూపం తల ముందే వచ్చి పోతుంది, నీరు పోవలసిన వేళకు పోదు. కలవకుండా పక్కపక్కనే ఉండిపోతాయి. స్వచ్ఛత పక్షానికి మసి అనిపించేదీ, లోతు పక్షానికి లోతు అనిపించేదీ ఈ పక్కపక్క నిలబడటమే.

మంచి సీసాలు దీన్ని గుర్తించాయి. ప్రొఫుమోలో ధూపాన్ని ఒంటరిగా వదలకుండా పచౌలీ చేతిలో పెట్టడం అందుకే. తడి మట్టి, ఎండుటాకు పోలిక ఉన్న పచౌలీ ఇటు నీటికీ అటు బంకకూ చుట్టరికం కలుపుతుంది. అన్నంభట్టు భాషలో చెప్పాలంటే, వాసన లేని నీటికి భూమిని తోడు తెచ్చుకున్నారు. అమారాలోనూ అదే జంట. మెరుగ్గా కుదిరిందన్న పేరున్న రెండిటిలోనూ భూమి వాసన ఒకటి మధ్యవర్తిగా ఉండటం కాకతాళీయం అనిపించదు. చవక స్ప్రేల్లో ఈ మధ్యవర్తిని తీసేసి రెండు మాటలూ డబ్బా మీద అచ్చువేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇక ‘మగవారి’ అనే మాట. తలంటు సాంబ్రాణి మన ఇళ్లలో ఆడవాళ్లదీ పసివాళ్లదీ. మగవాడి వాటాకు గంధం, జవ్వాది, పునుగు, పెళ్లిలో పన్నీరు మిగిలాయి, వాటిలోనూ పన్నీరు అందరిదీ. పొగను మగతనానికి గుర్తుగా, నల్ల సీసాలో పెట్టి అమ్మడం విదేశీ దుకాణం అలమర చేసిన పని. సోమేశ్వరుడి కాలంలో అలాంటి అలమర లేదు.

ఎండాకాలం పరీక్ష

మే నెలలో పాదరసం 45 డిగ్రీల దరిదాపుల్లో తిరిగే చోట పరిమళానికి అసలు పరీక్ష ఎండే. వేడి పెరిగితే తేలిక పదార్థాలు ఇంకా తొందరగా ఆవిరవుతాయి, బరువైనవి ఇంకా గట్టిగా విసురుతాయి. తీపి బంకలు ఎక్కువైతే చెమటతో కలిసి ముద్దలా తోస్తాయి. అందుగు జాతి బంక ఈ విషయంలో లోబాను కంటే మేలు, దానిలో తీపి తక్కువ, చలువ ఎక్కువ. ధూపం శీతాకాలానికే అనే మాట చలి దేశాల పుస్తకాల నుంచి వచ్చింది. వేసవిలో వట్టివేరు, చందనం వంటి వేర్లూ చెక్కలే రాసుకున్న దేశంలో బరువైన వాసన ఎండకు పనికిరాదనడం ఎలా? తేడా బరువులో లేదు, తీపిలో ఉంది. నీటి ధూపం మన వేసవికి నప్పుతుందా అని ఎవరైనా అడిగితే ఏ ధూపమని తిరిగి అడగడమే సరైన జవాబు.

పొగకు ఊపిరాడని వారి సంగతి కూడా ఒకటుంది. గదిలో అగరొత్తి పొగ సన్నటి రేణువులను పెంచుతుందని తెలిశాక, పొగ లేని ధూపంగా ఈ సీసాలను చూసేవారు ఉన్నారు. సీసాలో ఉన్నది పొగ వాసనే కానప్పుడు ఆ ఊరట ఎంత మేరకో వాళ్లే చెప్పాలి.

ఇంకా తేలనివి

మొదటిది, బంక ఎక్కడి నుంచి వస్తుంది? ఇథియోపియా, ఎరిత్రియా, సుడాన్ ప్రాంతాల ధూప వృక్షాల మీద 2019లో ‘నేచర్ సస్టెయినబిలిటీ’లో వచ్చిన అధ్యయనం, పశువుల మేత, నిప్పు, మితిమీరిన గాట్ల వల్ల లేత చెట్లు దాదాపు లేకుండా పోతున్నాయనీ, ఇరవై ఏళ్లలో ఉత్పత్తి సగానికి పడిపోవచ్చనీ హెచ్చరించింది. శేషాచలం కొండ సాంబ్రాణి చెట్టుకూ గాట్ల బాధ తప్పలేదు. ధూపం ప్రతి నల్ల సీసాలోకీ చేరుతున్న కాలంలో చెట్టు లెక్క ఎవరు చూస్తారన్నది రుచి తగవు కంటే ముందు తేలాల్సినది. ప్రయోగశాలలో తయారైన అణువు ఈ విషయంలో చెట్టుకు మిత్రుడే. సహజం అనే మాటకు మొక్కేవారికి ఇది మింగుడుపడదు.

రెండోది, మన నీటి సంగతి. పాశ్చాత్యులు తమ ద్వీపాన్ని, తమ చర్చిని సీసాలో కలిపారు. తీర్థంలోని పచ్చకర్పూరం, తులసి, ఏలకుల చలువకు తడిసిన నల్లరాయినీ గుగ్గిలాన్నీ చేర్చి, మగా ఆడా అని చీటీ అంటించకుండా కూర్చడం సాధ్యమే. పదార్థాలన్నీ చేతికందే దూరంలో ఉన్నాయి. గుడి పక్షం దాన్ని ఒప్పుకుంటుందా అన్నది వేరే మాట. బహుశా ఉప్పుగాలి సీసా కంటే దానికే ఎక్కువ గొడవ జరుగుతుంది.

మూడోది, పేర్ల గొడవ. యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన నిబంధన, అలర్జీ తెచ్చే అవకాశమున్న పరిమళ పదార్థాల్లో సీసా మీద విడిగా రాయాల్సిన వాటి సంఖ్యను 80 దాటించింది. పైనీన్ లాంటివి ఆ పట్టికలోకి ఎక్కాయి. చర్మానికి ఇది మేలు. అయితే ముందు వైపు పెద్ద అక్షరాల్లో ఉండే ‘ఇన్సెన్స్’ ఏ చెట్టుదో, ఏ కొండదో, కాల్చినదో ఆవిరి పట్టినదో, అసలు చెట్టు మొహం చూసినదో కాదో ఆ పట్టిక చెప్పదు. తిరువూరు దుకాణంలో సీసా తిప్పి చదివే కుర్రాడికి కనబడేది వెనకవైపు ‘పర్ఫ్యూమ్’ అనే ఒక్క మాట, దాని పక్కన ధర.